సరిపోయే బ్రా కొనడం ఎలా: టేపు, ట్యాగు, అద్దం

స్ట్రాపు భుజం మీంచి జారిపోతోందని ఒకరు అడుగుతారు. వెనక పట్టీ పైకి ఎక్కుతోందని ఇంకొకరు. చంక దగ్గర కండ ఉబ్బి కనిపిస్తోందని, వైరు గుచ్చుతోందని, సాయంత్రం ఇంటికొచ్చి బ్రా తీసేదాకా ప్రాణం కుదుటపడదని మరికొందరు. ప్రశ్నలు వేరైనా చాలావాటికి జవాబు ఒకటే: పట్టీ పెద్దది, కప్పు చిన్నది. పట్టీ అంటే రొమ్ముల కింద ఒంటి చుట్టూ వచ్చేది; సైజులో అంకె పట్టీది, అక్షరం కప్పుది. 36-బి వేసుకుంటున్న చాలామందికి నిజానికి కావలసింది 34-సి. కానీ కోఠిలోనో సికింద్రాబాద్ జనరల్ బజార్లోనో కౌంటర్ అవతలి మనిషి "సైజెంత మేడమ్?" అనగానే ఇంటర్ చదివే రోజుల్లో అమ్మ చెప్పిన అంకే నోటికొస్తుంది. ఆ అంకెను కాసేపు పక్కన పెట్టండి. కింది వరుసలో ఒకసారి కొలుచుకోండి. ఇంట్లో పది నిమిషాలు, షాపులో అరగంట చాలు.

కావలసినవి

టైలర్ టేపు. ఒకవైపు అంగుళాలు, ఒకవైపు సెంటీమీటర్లు ఉండేది. ఏళ్ల తరబడి కుట్టుమిషన్ డ్రాయర్లో పడున్న టేపులు సాగిపోయి ఉంటాయి. స్కూలు స్టీలు స్కేలు పక్కన పెట్టి 30 సెంటీమీటర్లు సరిగ్గా 30 వస్తున్నాయో లేదో చూసుకోండి. టేపు లేకపోతే సాగని పురికొస చుట్టి, దాన్ని స్కేలు మీద పెట్టి కొలవచ్చు. లంగా నాడా వద్దు, అది సాగుతుంది.

నడుము దాకా కనిపించే అద్దం.

ప్యాడింగ్ లేని పల్చటి బ్రా. ప్యాడ్ మీద కొలిస్తే స్పాంజిని కొలిచినట్టే, లెక్క తప్పుతుంది. సరైనది లేకపోతే ఏమీ వేసుకోకుండానే కొలవండి.

షాపుకు వెళ్లేటప్పుడు ఒంటికి అతుక్కునే పల్చటి టీషర్టు. చీర ఎక్కువ కట్టేవాళ్లయితే బాగా కుదిరిన జాకెట్టు ఒకటి.

ఎప్పుడు కొలవాలి? నెలసరికి ముందు వారం రొమ్ములు ఉబ్బుతాయి, కొందరికి నొప్పి కూడా ఉంటుంది. ఆ వారం వదిలేసి, నెలసరి అయిపోయిన తర్వాతి వారంలో కొలవండి. ఆ నాలుగు రోజుల ఉబ్బు కోసం కొంచెం సాగే, వైరు లేని బ్రా ఒకటి విడిగా ఉంచుకోవడం మేలు.

1. రొమ్ముల కింద కొలత

రొమ్ము కింది మడత ఎక్కడుందో సరిగ్గా అక్కడ టేపు చుట్టండి. టేపు వెనక కూడా అదే ఎత్తులో, నేలకు సమాంతరంగా ఉండాలి. అద్దానికి పక్కకు తిరిగి చూసుకోండి, వెనక జారితే కొలత పెరిగిపోతుంది. ఊపిరి పూర్తిగా వదిలి, టేపును బిగుతుగా లాగి చదవండి. చర్మానికి అతుక్కోవాలి, కానీ కోసుకుపోయేలా ఉండకూడదు. సెంటీమీటర్లలో రాసుకోండి. అంగుళాల్లో ఎందుకు వద్దో మూడో మెట్టులో తెలుస్తుంది.

ఇక్కడ జరిగే తప్పు దాదాపు ఎప్పుడూ ఒకటే: మొహమాటంగా టేపును వదులుగా పట్టుకోవడం. బ్రా బరువు మోసేది ఈ పట్టీయే, భుజాల స్ట్రాపులు కాదు. ఇక్కడ మూడు నాలుగు సెంటీమీటర్లు వదిలేస్తే తర్వాత చేసేదంతా తప్పే.

2. ఛాతీ కొలత

రొమ్ములు ఎక్కువ ముందుకు వచ్చే చోట, మామూలుగా చనుమొన మీదుగా, టేపు చుట్టండి. ఈసారి బిగించకూడదు. టేపు ఊరికే తాకుతూ ఉండాలి, రొమ్మును నొక్కకూడదు. చేతులు కిందికి వదిలి నిలబడి ఒకసారి చదవండి. తర్వాత నడుము దగ్గర ముందుకు వంగి, వీపు నేలకు సమాంతరంగా ఉంచి ఇంకోసారి. పిల్లలకు పాలిచ్చిన తర్వాతో, బరువు తగ్గిన తర్వాతో రొమ్ములు కిందికి జారినవాళ్లకి ఈ రెండు కొలతలకు బాగా తేడా వస్తుంది. నిలబడి తీసింది తక్కువ చూపిస్తుంది, వంగి తీసింది ఎక్కువ. రెండింటినీ కూడి సగం చేయండి. తేడా రెండు సెంటీమీటర్ల లోపే ఉంటే నిలబడి తీసిన అంకే వాడండి.

ఒక రొమ్ము ఇంకోదానికంటే పెద్దగా ఉండటం మామూలే. కప్పు ఎప్పుడూ పెద్దదానికి సరిపోవాలి. చిన్నవైపు ఖాళీ కనిపిస్తే, ప్యాడ్ తీసి పెట్టుకునే రకం కొని, పెద్దవైపు ప్యాడ్ తీసేయండి.

3. కొలతను సైజుగా మార్చడం

బ్రా ట్యాగు తిప్పి చూడండి. చాలా కంపెనీలు 34-బి పక్కనే చిన్న అంకెల్లో 75-బి అని కూడా వేస్తాయి. ఆ 75 మీ రొమ్ముల కింది కొలతే, సెంటీమీటర్లలో. కింది కొలతను అంగుళాల్లో తీసుకుని, దానికి 4 కలపాలా, 5 కలపాలా అని కొట్టుకునే బదులు ఈ చిన్న అంకెను చూడటం తేలిక.

కింది కొలత 63 నుంచి 67 వరకు: 65, అంటే 30
68 నుంచి 72: 70, అంటే 32
73 నుంచి 77: 75, అంటే 34
78 నుంచి 82: 80, అంటే 36
83 నుంచి 87: 85, అంటే 38
88 నుంచి 92: 90, అంటే 40
93 నుంచి 97: 95, అంటే 42

ఇప్పుడు ఛాతీ కొలతలోంచి కింది కొలత తీసేయండి. తేడా 12 నుంచి 14 సెంటీమీటర్లయితే ఎ కప్పు, 14 నుంచి 16 బి, 16 నుంచి 18 సి, 18 నుంచి 20 డి, 20 నుంచి 22 డబుల్ డి. యూరప్ లెక్కలో డబుల్ డిని ఇ అంటారు. అందుకే ఒకే ట్యాగు మీద 36 డబుల్ డి, 80-ఇ రెండూ కనిపిస్తే కంగారు పడకండి.

ఉదాహరణకు కింద 76, ఛాతీ 93 అనుకోండి. 76 అంటే 75 వరుస, అంటే 34. తేడా 17, అంటే సి. మీ సైజు 34-సి. ఇదే కొలతలున్న మనిషి 36-బి వేసుకుని తిరుగుతుంటే కప్పు సరిపోయినట్టే అనిపిస్తుంది, ఎందుకంటే 36-బి, 34-సి, 32-డి మూడింటి కప్పులో పట్టే మోతాదు దాదాపు ఒకటే. తేడా పట్టీలో ఉంటుంది. పట్టీ వదులై బరువంతా భుజాల మీద పడుతుంది. ఇది గుర్తుంచుకుంటే షాపులో సగం గొడవ తగ్గుతుంది: పట్టీ ఒక సైజు తగ్గిస్తే కప్పు ఒక అక్షరం పెంచాలి, పట్టీ పెంచితే అక్షరం తగ్గించాలి.

డి అనగానే భయపడేవాళ్లు చాలామంది. అక్షరానికి విడిగా అర్థం లేదు. 32-డి వేసుకునే సన్నటి అమ్మాయి రొమ్ము 38-బి వేసుకునే మనిషి రొమ్ము కంటే చిన్నది.

కొలత రెండు వరుసల మధ్య పడితే? పక్కటెముకల మీద కండ మెత్తగా ఉండి టేపు లోపలికి దిగుతుంటే చిన్న పట్టీ, ఎముకలు తగులుతుంటే పెద్ద పట్టీ.

రెండు జాగ్రత్తలు. విదేశీ కంపెనీల్లో, ముఖ్యంగా బ్రిటన్ లెక్కతో వచ్చేవాటిలో, అదే 34 అంకె వేరే కొలతను సూచించవచ్చు. ఆ కంపెనీ సొంత పట్టిక చూశాకే కొనండి. వీడియోల్లో కొందరు "ఏమీ కలపొద్దు" అనీ, కొందరు "అయిదు కలపండి" అనీ చెప్పేది అందుకే. ఇద్దరూ వేరు వేరు కంపెనీల సంగతి చెబుతున్నారు. ఇక బజార్లో కప్పు అక్షరమే లేకుండా ఉత్త 32, 34, 36 అని దొరికే కాటన్ బ్రాలు సాధారణంగా బి కప్పు లెక్కకు కుట్టినవి. మీది సి గానీ డి గానీ అయితే అక్కడ ఎంత వెతికినా మీ సైజు దొరకదు. పైకి 36, 38 అని పోతూ ఉంటారంతే.

ట్యాగు చిరిగిపోయిన పాత బ్రాను అంచనా వేయాలంటే హుక్కు విప్పి, పట్టీని టేబుల్ మీద పరిచి చివర నుంచి చివరికి కొలవండి. సాగదీయకుండానే మీ కింది కొలతకు దగ్గరగా ఉందంటే అది వదులు. గట్టిగా సాగదీసినా మీ కొలతకు రాకపోతే ఇరుకు.

4. ఎక్కడ, ఎలా కొనాలి

ట్రయల్ రూమ్ ఉన్న షాపుకే వెళ్లండి. సుల్తాన్ బజార్, అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ చిన్న షాపుల్లో సరుకు బాగానే ఉంటుంది, ధర కూడా తక్కువ, కానీ చాలాచోట్ల వేసుకుని చూడనివ్వరు. కాబట్టి మొదటిసారి సైజు తేల్చుకోవడానికి మాల్స్‌లోని లోదుస్తుల షాపులు మంచివి. ఇనార్బిట్, శరత్ సిటీ లాంటి చోట్ల ఒకేసారి రెండు మూడు కంపెనీలు చూడొచ్చు. ఆదివారం సాయంత్రం మాత్రం వద్దు, ట్రయల్ రూమ్ బయట లైనుంటే ఎవరికైనా తొందర పుడుతుంది. పనిరోజు పొద్దున అయితే కొలిచే అమ్మాయి కూడా ఓపిగ్గా ఉంటుంది. సైజు, కంపెనీ, మోడల్ పేరు తేలాక అదే మోడల్‌ను చవగ్గా ఎక్కడ దొరికితే అక్కడ కొనుక్కోవచ్చు.

కౌంటర్లో మగవాళ్లే ఉంటే "అన్నా, లేడీస్ స్టాఫ్ ఎవరైనా ఉన్నారా?" అని అడగడానికి సంకోచించకండి. చున్నీ మీదే టేపు చుట్టి సైజు చెప్పేస్తే నమ్మకండి. ఇంకో మాట కూడా వింటారు: "34 అయిపోయింది మేడమ్, 36 తీసుకోండి, లాస్ట్ హుక్కు పెట్టుకుంటే సరిపోతుంది." సరిపోదు. కొత్త బ్రా ఎప్పుడూ బయటి హుక్కు మీద, అంటే అన్నింటికంటే వదులుగా ఉండే వరుసలో సరిపోవాలి. ఎలాస్టిక్ నెలల తరబడి వాడేకొద్దీ సాగుతుంది, అప్పుడు లోపలి హుక్కులు పనికొస్తాయి. కొన్నరోజే లోపలి హుక్కు వాడేస్తే రేపు పోవడానికి చోటుండదు.

ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు లోదుస్తులు వాపసు తీసుకుంటారో లేదో ఆర్డరుకు ముందే చదవండి. కొందరు తీసుకోరు, కొందరు మార్చిమాత్రమే ఇస్తారు. తీసుకుంటామంటే ఒకే మోడల్ రెండు సైజుల్లో తెప్పించండి: ఉదాహరణకు 34-సి, 36-బి. ట్యాగు తెంపకుండా, పౌడరు, అత్తరు రాసుకోకుండా వేసి చూసి ఒకటి వెనక్కి పంపండి.

మొదటి బ్రాగా ఏ రకం? కొత్తగా సైజు తేల్చుకునేటప్పుడు మందపాటి స్పాంజి కప్పు వద్దు. అది రొమ్ము ఆకారాన్ని దాచేస్తుంది, కుదిరిందో లేదో తెలియదు. పల్చటి బట్టతో, కుట్లు కనిపించే కప్పు ఉన్నది వేసి చూడండి. వైరు వద్దనుకుంటే మానేయండి. వైరు వల్ల క్యాన్సర్ వస్తుందన్న భయంతో మాత్రం మానక్కర్లేదు, అందుకు ఆధారం లేదు.

5. వేసుకునే పద్ధతి

ఇది చాలామందికి ఎవరూ నేర్పరు. ముందు స్ట్రాపులను పూర్తిగా వదులు చేయండి. చేతులు దూర్చి, కొంచెం ముందుకు వంగండి. రొమ్ములు కప్పుల్లోకి పడ్డాక బయటి హుక్కు పెట్టుకోండి. ముందు హుక్కు పెట్టి వెనక్కి తిప్పడం చాలామంది అలవాటు. దానివల్ల పట్టీ మెలిపడి త్వరగా సాగుతుంది. భుజం నొప్పి ఉన్నవాళ్లకు తప్పదు, లేదంటే ముందు హుక్కులున్న రకం కొనుక్కోండి.

నిటారుగా నిలబడి, కుడిచేతిని ఎడమ కప్పులోకి, చంక వైపు నుంచి పోనివ్వండి. చంక కింద మిగిలిపోయిన కండను ముందుకు, పైకి తెచ్చి కప్పులో కూర్చోబెట్టండి. రెండోవైపు కూడా అంతే. ఈ ఒక్క పనితో కప్పు చిన్నదని తెలిసిపోతుంది. ఇప్పటిదాకా సరిపోయిందనుకున్న బ్రా పైన పొంగడం మొదలుపెడుతుంది. ఆ తర్వాతే స్ట్రాపులు బిగించండి, జారకుండా ఉండేంత వరకే.

6. అద్దం ముందు తనిఖీ

టేపు సైజు అంచనా మాత్రమే చెబుతుంది, తీర్పు అద్దానిది. తొందరపడకుండా చూడండి.

పక్కకు తిరిగి నిలబడండి. పట్టీ ముందూ వెనకా ఒకే ఎత్తులో గీత గీసినట్టు ఉండాలి. వెనక వంపు తిరిగి పైకి పోతే పట్టీ పెద్దది. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. పిడికిలి దూరితే వదులు, వేలు కూడా దూరకపోతే ఇరుకు.

స్ట్రాపులు రెండూ భుజాల మీంచి కిందికి దించేయండి. పట్టీ కదలకుండా నిలబడిందా? నిలబడితే సైజు సరే. మొత్తం జారిపోతే ఇంతకాలం భుజాలే బరువు మోశాయన్నమాట. చేసి చూడండి, ఇంతకంటే మంచి పరీక్ష లేదు.

వైరున్న బ్రాలో రెండు కప్పుల మధ్య ముక్క రొమ్ము ఎముకకు అతుక్కుని ఉండాలి. గాల్లో తేలుతుంటే కప్పు చిన్నది. వైరు రొమ్ము చుట్టూ మడతలో కూర్చోవాలి, రొమ్ము మీద కాదు. చంక వైపు వైరు చివర వేలితో నొక్కండి. కింద ఎముక తగిలితే సరే. మెత్తగా తగిలితే వైరు రొమ్ము మీదే ఉన్నట్టు, కప్పు పెంచాలి.

కప్పు పై అంచు దగ్గర రొమ్ము రెండుగా చీలినట్టు ఉబ్బకూడదు. ఖాళీ కూడా ఉండకూడదు.

ఇప్పుడు కదలండి. రెండు చేతులూ పైకెత్తండి. కిందికి వంగి చెప్పు తొడుక్కుంటున్నట్టు చేయండి. ట్రయల్ రూమ్‌లో కుర్చీ ఉంటే రెండు నిమిషాలు కూర్చోండి, చాలా పట్టీలు కూర్చున్నప్పుడే పొట్ట మీద గుచ్చుతాయి. స్కూటీ మీద గతుకుల్లో పోయేటప్పుడు ఎలా ఉంటుందో తెలియాలంటే రెండు సార్లు ఎగరండి. చివరగా తెచ్చుకున్న టీషర్టు వేసుకుని పక్క నుంచి చూడండి. చనుమొనల ఎత్తు మామూలుగా భుజానికీ మోచేతికీ మధ్య సగంలో ఉండాలి.

7. కుదరనప్పుడు ఏం మార్చాలి

ఇక్కడే ఎక్కువ డబ్బు వృథా అవుతుంది, ఎందుకంటే ఒకే లక్షణానికి కారణాలు రెండు మూడు ఉంటాయి.

స్ట్రాపు జారుతోంది. ముందు పట్టీ చూడండి. వెనక పైకి పోతే స్ట్రాపులు బయటికి తెరుచుకుని జారుతాయి, పట్టీ తగ్గించాలి. పట్టీ బాగానే ఉండి కప్పులో ఖాళీ ఉంటే కప్పు తగ్గించాలి. రెండూ సరిగ్గా ఉంటే మీ భుజాలు వాలుగా ఉన్నాయి. వెనక స్ట్రాపులు దగ్గరగా, యు ఆకారంలో కుట్టినది వెతకండి. ఊరికే స్ట్రాపు బిగిస్తూ పోతే పట్టీ ఇంకా పైకి ఎక్కుతుంది.

స్ట్రాపు భుజంలోకి దిగి గాడి పడుతోంది. వెడల్పు స్ట్రాపు కొనమంటారు. దానివల్ల ఉపశమనం ఉంటుంది గానీ అసలు కారణం పట్టీ వదులుగా ఉండటమే. రొమ్ములు బరువుగా ఉన్నవాళ్లు మూడు హుక్కుల వెడల్పు పట్టీ తీసుకోవాలి.

కప్పు పైన ఖాళీ. దీన్ని చూసి వెంటనే కప్పు తగ్గించేస్తారు. ఆగండి. మధ్య ముక్క గాల్లో తేలుతుంటే కప్పు చిన్నదై రొమ్ము లోపలికి దిగలేక కప్పును ముందుకు తోస్తోంది, పైన అందుకే ఖాళీ. అప్పుడు కప్పు పెంచాలి! మధ్య ముక్క బాగా అతుక్కుని ఉంటేనే నిజంగా ఖాళీ. అందులోనూ పాలు మానిపించిన తర్వాత రొమ్ము పైభాగం పల్చబడినవాళ్లకి సైజు సరైనదైనా రొమ్మంతా కప్పే ఫుల్ కవరేజ్ స్పాంజి కప్పులో పైన గుంట పడుతుంది. సైజు మార్చకుండా పై అంచు కిందికి ఉండే బాల్కనెట్ రకం చూడండి.

పైన, పక్కన పొంగుతోంది. కప్పు పెంచండి, పట్టీ అలాగే ఉంచండి. 34-బి పొంగితే 34-సి. 36-బి కాదు.

వీపు మీద కండ మడతలు పడుతున్నాయి. ఇరుకని పట్టీ పెంచేస్తారు. చాలాసార్లు పట్టీ పైకి ఎక్కి మెత్తటి చోట కూర్చోవడం వల్లే ఆ మడతలు. పట్టీ కిందికి, సరైన చోటికి వస్తే తగ్గుతాయి, పూర్తిగా పోకపోవచ్చు.

మధ్యలో వైరు గుచ్చుతోంది. రెండు రొమ్ములూ దగ్గరగా ఉన్నవాళ్లకి ఇది వస్తుంది. మధ్య ముక్క కిందికి ఉండే ప్లంజ్ రకం నప్పుతుంది. వైరు వంచడం లాంటి వైద్యాలు చేయకండి, బట్ట చీల్చుకుని బయటికి వస్తుంది.

సాయంత్రం తీసేసరికి ఎర్రటి గీతలు. అరగంటలో పోతే ఫర్వాలేదు. మరుసటి పొద్దుటికీ ఉంటే, ఊపిరి తీసుకోవడానికి ఇబ్బందైతే, పట్టీ ఇరుకు. పట్టీ పెంచి కప్పు అక్షరం తగ్గించండి. కప్పు బాగుండి పట్టీ మాత్రమే కొంచెం బిగుతైతే హుక్కు ఎక్స్‌టెండర్, అంటే పట్టీని పొడిగించడానికి హుక్కులకు తగిలించే చిన్న ముక్క, తాత్కాలికంగా పనికొస్తుంది.

రొమ్ముల కింద చెమట, దురద, ఎర్రబడటం మన ఎండాకాలంలో చాలామందికి ఉంటుంది. వదులు పట్టీ రుద్దుకుని దాన్ని పెంచుతుంది. స్నానం తర్వాత మడతల్లో తడి పూర్తిగా ఆరాకే వేసుకోండి, ఏప్రిల్, మే నెలల్లో కాటన్ లోపలి పొర ఉన్నవి వాడండి, చెమట పట్టినది మధ్యాహ్నం మార్చుకోండి. వారంలో తగ్గకపోతే చర్మ డాక్టరుకు చూపించండి, పౌడరు మీద పౌడరు వేయకండి.

8. జాకెట్టు, ఆది జాకెట్టు

బ్రా మారితే ఛాతీ ఎత్తు మారుతుంది. పాత జాకెట్ల డాట్లు కిందుగా కనిపిస్తాయి, చంక దగ్గర ముడతలు పడతాయి. అది బ్రా తప్పు కాదు. మార్జిన్ ఉన్న జాకెట్లను టైలరు దగ్గర డాట్లు పైకి జరిపించుకోవచ్చు, కప్పు కుట్టినవాటిని సరిచేయడం కష్టం.

కొత్తవి కుట్టించేటప్పుడు ఆది జాకెట్టు ఇచ్చి వచ్చేయకండి. అది పాత బ్రా మీద తీసిన కొలత. టైలరు మళ్లీ దాన్నే కుడతాడు, మళ్లీ కుదరదు. ఆ చీర మీద ఏ బ్రా వేస్తారో అదే వేసుకుని వెళ్లి ఒంటి మీద కొలతలు ఇవ్వండి. వీపు దిగిన డిజైన్ అనుకుంటే పట్టీ ఎక్కడ వస్తుందో టైలరుకు చూపించండి.

9. కొందరికి విడిగా

ఎదిగే అమ్మాయిలకు వైరు లేని మెత్తటి బ్రా. "ఎలాగూ పెరుగుతుంది కదా" అని యూనిఫాం కొన్నట్టు పెద్దది కొనకండి. రెండు చాలు, ఆరునెలలకోసారి కొలవండి. పిల్లను షాపులో అందరి ముందూ సైజు అడగకుండా ఇంట్లోనే కొలిచి వెళ్లండి.

గర్భిణులు ఫీడింగ్ బ్రా ఎనిమిదో నెల దాటాక కొనండి. అప్పుడు కూడా బయటి హుక్కు మీదే సరిపోవాలి, కాన్పు తర్వాత పక్కటెముకలు మళ్లీ దగ్గరవుతాయి. కప్పులో మాత్రం కాస్త చోటుండాలి, పాలు పడ్డాక పెరుగుతుంది. మొదటి నెలల్లో ఇరుకు కప్పు, గట్టి వైరు వద్దు, పాలు గడ్డకట్టే ప్రమాదముంది.

స్పోర్ట్స్ బ్రా ఎస్, ఎం, ఎల్ అని కొనేస్తారు. డి కప్పు దాటినవాళ్లు పట్టీ, కప్పు అంకెలతో వచ్చేవి వెతకండి. జిమ్‌లో వేసుకుని రోజంతా దాంతోనే ఉండకండి.

ఒక రొమ్ము సైజు ఉన్నట్టుండి మారినా, గడ్డ తగిలినా, చర్మం నారింజ తొక్కలా గుంటలు పడినా, చనుమొన లోపలికి పోయినా, దానినుంచి రక్తం గానీ నీరు గానీ వచ్చినా బ్రా సైజు సంగతి తర్వాత. ముందు డాక్టరు దగ్గరికి.

10. ఉతకడం, ఆరేయడం

కనీసం మూడు ఉంచుకుని మార్చి మార్చి వేసుకోండి. ఎలాస్టిక్‌కు ఒకరోజు విశ్రాంతి దొరికితే ఎక్కువకాలం వస్తుంది. హుక్కులు పెట్టేసి, చల్లటి నీళ్లలో చేత్తో ఉతకండి. మిషన్‌లో వేస్తే వల సంచిలో వేయండి. పిండొద్దు, కప్పును టవల్లో పెట్టి నొక్కండి. బోరు నీళ్లున్న ఇళ్లలో సబ్బు త్వరగా వదలదు, రెండుసార్లు జాడించండి, మిగిలిన సబ్బు దురద పుట్టిస్తుంది. బ్లీచు, ఫ్యాబ్రిక్ కండిషనరు రెండూ ఎలాస్టిక్‌ను తింటాయి.

ఎండలో వద్దు, నీడలో గాలి తగిలేలా ఆరేయండి. మరి చున్నీ కిందో టవల్ కిందో దాచి ఆరేస్తారే, ఆ అలవాటు మానండి. వానాకాలంలో అలా ఆరేసినది రోజంతా చెమ్మగానే ఉండి, వాసన కొట్టి, ఒంటి మీద ఫంగస్ తెప్పిస్తుంది. ఎవరూ చూడకూడదనుకుంటే బాల్కనీలో లోపలి తీగ మీద బ్రా ఆరేసి, బయటి తీగ మీద దుప్పటి వేసి, మధ్యలో గాలి ఆడే చోటు వదలండి.

లోపలి హుక్కు పెట్టుకున్నా పట్టీ వెనక పైకి పోతోందంటే ఆ బ్రా పనైపోయింది. బరువు నాలుగైదు కిలోలు మారినప్పుడు, కాన్పు తర్వాత, పాలు మానిపించాక, నెలసరి ఆగిపోయే వయసులో మళ్లీ ఒకటో మెట్టు నుంచి కొలవండి. ఇవేవీ లేకపోయినా ఏడాదికోసారి.